యంత్రపు మాట విన్న మనిషి : జి. డి. నాయుడు

మహనీయుల జీవితాలను గురించి వ్రాయవలసి వచ్చినప్పుడు కళాశాల పత్రికలలో సాధారణంగా కవులు, దేశనాయకులు, సంఘసంస్కర్తలు కనిపిస్తూ ఉంటారు. వారియెడ మాకు గల గౌరవం ఎవరికీ తీసిపోయేది కాదు. అయినను ఈ సంచికకై మేము ఒక మెకానిక్కు జీవితాన్ని ఎన్నుకొన్నాము. మెదక్ పట్టణంలో రాందాస్ చౌరస్తానుండి బయలుదేరి ఏ రహదారిన నడిచినా మోటారు మరమ్మతు కొట్టాలు కానవస్తాయి. ఒక్కొక్క కొట్టంలో ఒక ఉస్తాదు, ఆయన చేతిక్రింద ఇద్దరు ముగ్గురు షాగిర్దులు. మన తరగతి గదులలో కూర్చునే విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నదమ్ములు ఇట్టి కొట్టాలలో పనిచేసియే ఇల్లు నడుపుతున్నారు. అయినా ఆ పనిని మనం విద్యగా లెక్కించము. పరీక్ష తప్పినవానికి మాత్రమే ఆ దారి అని ఇండ్లలో అనుకోవడం పరిపాటి. ఈ తలంపు ఎంతవరకు న్యాయమో విచారించడానికి కోయంబత్తూరు జి. డి. నాయుడుగారి జీవితంకంటె తగిన నిదర్శనం మాకు తోచలేదు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపమున గల కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించారు. తరతరాలుగా తమిళదేశంలో స్థిరపడి, ఇంటిలో తెలుగును విడువని కుటుంబాలు ఆ ప్రాంతంలో నేటికీ అనేకం ఉన్నాయి. పసితనంలోనే తల్లిని కోల్పోయిన ఆ బాలునికి బడి ఏమాత్రం రుచించలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి పారిపోయేవాడని చెప్పుకొంటారు. ఇట్టి విషయం కళాశాల పత్రికలో వ్రాయడం మా అధ్యాపకులకు నచ్చకపోవచ్చును. కాని జరిగినదానిని దాచిపెట్టి జీవితచరిత్ర వ్రాయడం సాధ్యం కాదు కదా! ప్రాథమిక తరగతులతోనే బడిచదువు ముగిసింది. తండ్రి కుమారుని పొలం పనిలో పెట్టారు.

ఆ పల్లెకు ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలుపై వచ్చాడు. ఎద్దు లేదు, గుఱ్ఱం లేదు, తొక్కవలసిన పని లేదు. అయినా బండి పరుగెడుతున్నది. రడ్జ్ అనే కంపెనీవారు చేసిన ఆ బండి కుర్రవాని మనస్సును పట్టుకొని విడువలేదు. ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరుకొని ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. వచ్చిన జీతంలోనుండి పైసా పైసా కూడబెట్టి, కొన్ని ఏండ్లకు ఆ మోటారు సైకిలును ఆ అధికారివద్దనే కొన్నాడు. కొన్నవాడు దానిపై ఊరేగడంతో తృప్తిపడక, దానిని ముక్కముక్కలుగా విప్పాడు. విప్పినదానిని తిరిగి కూర్చాడు. నాయుడుగారి పాఠశాల ఏదని ఎవరైనా అడిగితే ఆ రడ్జ్ బండియే అని మేము నిస్సంకోచంగా చెప్పగలము.

ఇక్కడ ఒక్కమాట. విప్పడం పెద్ద విద్య కాదు. అల్లరి పిల్లవాడు ఎవడైనా గడియారాన్ని విప్పగలడు. ఒక్క మరసీల కూడా మిగులకుండా తిరిగి బిగించడం, బిగించిన తరువాత అది మునుపటివలెనో, మునుపటికంటె మిన్నగానో నడవడం, అందులో ఉన్నది విద్య. ఏ భాగం దేనికొరకు ఉన్నదో తెలియనివాడు విప్పగలడు గాని బిగించలేడు.

ఆ విద్యతోనే నాయుడుగారు మెకానిక్కుగా జీవితం ప్రారంభించారు. నడుమ ప్రత్తి వ్యాపారంలో కొంత గడించి, బొంబాయి బేరాలలో దానిని పోగొట్టుకొన్నారు. ఆ సంగతి ఇంతకంటె విస్తరించి చెప్పనక్కరలేదు. 1920లో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి చేసిన సహాయంతో ఒక మోటారు బస్సు కొని, పొల్లాచి – పళని పట్టణాల నడుమ స్వయంగా నడుపసాగారు. ఒక్క బస్సు పెరిగి పెరిగి యూనివర్సల్ మోటారు సర్వీసు అనే సంస్థ అయింది. మన ప్రాంతపు పాఠకులకు ఆ సంస్థ పరిమాణం అర్థం కావడానికి ఒక పోలిక చెబుతాము. 1932 జూన్ మాసంలో హైదరాబాదు సంస్థానంలో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ ప్రారంభమైనప్పుడు దాని వద్ద ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అది ఒక ప్రభుత్వపు ప్రయత్నం. 1933 నాటికి హోటలులో ఫలహారాలు అందించిన మనిషి క్రింద నడుస్తున్నవి 280 బస్సులు!

బస్సులు నడిపేవానికి యంత్రపు చప్పుడు వినే చెవి ఉండాలి. గేరుపెట్టె మూలిగినా, బేరింగు అరిగి కూసినా ఆనాడే వినిపించుకొన్నవానికి పదిరూపాయలలో పోతుంది. వినిపించుకోనివాని బస్సు నడిదారిలో నిలిచిపోతుంది. మన కొట్టాలలోని ఉస్తాదులు కూడా బండి రాగానే ముందు పానా చేతబట్టరు; ఇంజను నడిపించి చెవియొగ్గి వింటారు. హకీము నాడి పట్టి చూచినట్లే ఇదియును.

1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్కేంద్రం పనిచేయ నారంభించింది. కోయంబత్తూరు ప్రాంతానికి కరెంటు వచ్చింది. కరెంటు వచ్చిన చోట మిల్లులకు, బావులకు మోటార్లు కావలసి వచ్చాయి. అంతవరకు మోటార్లన్నీ ఓడలలో దిగుమతి అయ్యేవి. పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే కర్మాగారంలో నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారి నైపుణ్యం తోడుగా, 1937లో విద్యుత్ మోటారును తయారుచేయించారు. మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానికి పేరు వచ్చింది. కోయంబత్తూరు మోటారు అనే మాట ఎరుగని రైతు నేడు తెలంగాణలోనూ అరుదు. ఆ పేరుకు మొదటి ముడి పడినది అక్కడనే.

వారి బుద్ధి ఒక్కచోట నిలిచేది కాదు. బ్యాటరీ సెల్లుతో నడిచే చిన్న మోటారును గుప్పిటిలో ఇమిడ్చి రాసంట్ అనే క్షౌరయంత్రాన్ని రూపొందించారు. కిరోసిన్‌తో తిరిగే పంకాను, పండ్లరసం తీసే యంత్రాన్ని, ఓట్లు మోసం లేకుండా నమోదుచేసే యంత్రాన్ని కల్పించారు. ఛాయాగ్రహణంపై కూడా మక్కువ ఎక్కువ. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశారు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు.

చిన్న మోటారు ఒకటి, పంకా ఒకటి. ఈ రెంటిని ఒక ఇరుసుకు బిగిస్తే నేటి కార్లలో చల్లగాలిని ముఖానికి కొట్టే బ్లోయరు అవుతుంది. ఏసీ ఉన్న కార్లు మన రహదారులపై సామాన్యం కాకముందే నాయుడుగారు కన్నుమూశారు. వారు బ్లోయర్లు బాగుచేశారని మేము చెప్పబోవడం లేదు. అయితే రడ్జ్ బండిని విప్పిన ఆ పద్ధతి ఎట్టిదో మెదక్ విద్యార్థికి చేతికందే ఉదాహరణతో చూపవలెనంటే, ఎండాకాలంలో కూతపెట్టే కారు బ్లోయరును మించినది లేదు. కావున జీవితచరిత్రను కొంతసేపు ఆపి, ఆ పెట్టెను విప్పి చూతము.

ముందుగా అందులోని చక్రం. అంచు చుట్టూ ముందుకు వంగిన సన్నని రెక్కలతో ఉడుత పంజరంవలె ఉంటుంది. ఈ తరహా చక్రం పుట్టుక మన దేశంతో ముడిపడినదని చాలమందికి తెలియదు. బెల్‌ఫాస్ట్ నగరవాసి శామ్యూల్ డేవిడ్సన్ 1864లో కాచారు ప్రాంతపు తేయాకు తోటలకు పనికై వచ్చాడు. తేయాకును వేడిగాలితో ఎండబెట్టే యంత్రాలతో ఆరంభించి, స్వదేశానికి తిరిగివెళ్లి 1881లో కర్మాగారం స్థాపించి, 1898 ప్రాంతంలో ముందుకు వంగిన రెక్కల పంకాను సాధించాడు. సిరోకో అని దానికి పేరు. తేయాకు ఆరబెట్టడానికై మొదలైన ఆలోచన నేడు మన మోకాళ్ల ముందర తిరుగుతున్నది. ఈయన కూడా తోటలో పనిచేస్తూనే నేర్చినవాడు.

ఇక మోటారు. పొలంలోని పంపుసెట్టు మోటారుకు, దీనికి ఒక భేదం ఉన్నది. ఇది బ్యాటరీనుండి వచ్చే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో నడుస్తుంది. అందుచేత దీని లోపల కరెంటును తిరిగే భాగానికి అందించే కార్బన్ బ్రష్షులు ఉంటాయి. ఇరుసు రెండు చివరలా బుష్షులో, బేరింగులో తిరుగుతుంది.

చప్పుడు వచ్చినప్పుడు మొదటి ప్రశ్న అది ఎక్కడనుండి వస్తున్నదన్నది. ఇంజను ఆపి, తాళంచెవిని ఒక మెట్టు మాత్రం త్రిప్పి బ్లోయరును నడపాలి. వేగపు మీటను ఒకటినుండి నాలుగువరకు త్రిప్పిన కొద్దీ చప్పుడు పెరిగితే దోషం బ్లోయరుదే. ఇంజను నడుస్తూ, యాక్సిలరేటరు నొక్కినప్పుడే చప్పుడు పెరిగితే దోషం కంప్రెసరుదో, బెల్టుదో; బ్లోయరును విప్పి లాభం లేదు. ఈ ఒక్క పరీక్షకు ఖర్చు లేదు, పనిముట్టు అక్కరలేదు. చెవి చాలును.

రెండవ ప్రశ్న చప్పుడు ఎట్టిదన్నది. టపటపమని కాగితం కొట్టుకొన్నట్లు వస్తే రెక్కలలో ఆకో, పుల్లయో చిక్కినది. అద్దం క్రింది జాలీగుండా గాలితోపాటు ఎండుటాకులు లోనికి పోతాయి. వేపచెట్టు నీడన బండి నిలపడం మనకు అలవాటు. ఫాల్గుణ, చైత్రాలలో రాలిన వేపాకు ఎంత సన్నని సందులోనైనా దూరుతుంది. వరికోతల కాలంలో ఎలుకలు గడ్డిపోచలు తెచ్చి ఆ గాలిగూటిలోనే కాపురం పెట్టిన సందర్భాలు మన పల్లెలలో కొత్త కాదు. కీచుమని సన్నగా, అందులోను ఉదయం పూట ఎక్కువగా కూస్తే బుష్షు ఎండినది. వేగం పెరిగిన కొద్దీ గుయ్యిమంటూ కాళ్లక్రింద వణుకు తెలిస్తే చక్రం తూకం తప్పినది. రెక్కలపై ఒకవైపు దుమ్ము గడ్డకట్టినా, ఒక రెక్క విరిగినా, తూకానికై బిగించిన చిన్న రేకుముక్క ఊడినా ఆ వణుకు వస్తుంది. బరబరమని గీకుడు వినిపిస్తే చక్రం ఇరుసుపై జారి పెట్టెకు తగులుతున్నది.

ఇక విప్పడం. బ్యాటరీ నెగెటివు తీగను ముందుగా తీసివేయాలి. ఎదుటి సీటుకు ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో ఆ తరువాత కొన్ని నిమిషాలు ఆగడం క్షేమం. మన దేశపు కార్లలో చాలవాటికి బ్లోయరు ఎడమవైపు సీటు ముందర, కాగితాలు పెట్టుకొనే అర వెనుక ఉంటుంది. అర తీసి, తీగల కనెక్టరు ఊడదీసి, మూడు నాలుగు స్క్రూలు విప్పితే మోటారు, చక్రం కలిసి క్రిందికి దిగివస్తాయి. స్క్రూడ్రైవరును మన ఉర్దూ విభాగపు మిత్రులు పేచ్‌కస్ అంటారు. మరను లాగేది అని అర్థం. ఎంత పొందికైన మాట! ఆకులు ఏరివేసి, రెక్కల నడుమ దుమ్మును మెత్తని బ్రష్షుతో దులపాలి. రెక్కలను వంచరాదు. తూకపు రేకుముక్కను కదపరాదు. చక్రాన్ని వ్రేలితో త్రిప్పితే ఎక్కడా పట్టక తిరిగి, నెమ్మదిగా ఆగాలి. బుష్షు ఎండినదైతే పలుచని నూనె ఒకటి రెండు చుక్కలు చాలును. చిక్కని గ్రీజు పూసి మేలు చేశామనుకొనేవారున్నారు. అది దుమ్మును పట్టి, నెల తిరుగకముందే మొదటి కూతకంటె పెద్ద కూత తెప్పిస్తుంది. నూనె బ్రష్షులపై పడినా చేటే. ఇరుసును ప్రక్కలకు కదిపినప్పుడు కటకటమని ఆడితే బుష్షు అరిగిపోయినదని అర్థం. అప్పుడు నూనె ఎన్నాళ్లో నిలువదు. మోటారును మార్చడమే తగును. దేనిని బాగుచేయవచ్చునో తెలియడం ఎంత విద్యయో, దేనిని బాగుచేయరాదో తెలియడం కూడా అంత విద్యయే.

వేపాకు రెబ్బ ఒక్కటి చిక్కినందుకు కొత్త బ్లోయరు వెల చెల్లించిన యజమానులు లేకపోలేదు. వారిది అజ్ఞానం అనలేము. విప్పి చూచే ఓపిక గలవారు తగ్గి, పెట్టె మొత్తం మార్చివేసేవారు పెరిగిన ఫలితమది. మార్చడానికి బలం చాలును. కారణం కనుగొనడానికి బుద్ధి కావాలి. రడ్జ్ బండి ముందు కూర్చున్న కుర్రవాడు ఈ రెండవదానినే సాధన చేశాడు.

మరల కథకు వత్తము. 1945లో కోయంబత్తూరులో నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయాలు వెలసాయి. ధనమిచ్చి వాటిని నిలిపినవారు నాయుడుగారు. ప్రిన్సిపాలు పదవిని కూడా వారే అలంకరించారు. ప్రాథమిక బడి దాటనివాడు ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కావడం మన దేశంలో తరచుగా జరిగే విషయం కాదు. కాని ఆ పదవి ఎంతో కాలం సాగలేదు. నాలుగేండ్ల కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేయడమేనని, సరియైన రీతిలో పని నేర్పితే రెండేండ్లు చాలునని వారు వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడుగారు రాజీనామా చేశారు. ఆ విద్యాలయం తరువాత స్థలం మారి, నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధి పొందియున్నది.

ఈ వివాదంలో న్యాయం ఎవరివైపు ఉన్నదని మాలో మేము చాలసేపు తర్కించుకొన్నాము. నాయుడుగారు చెప్పినదంతా ఒప్పుకొనుటకు మాకు మనసు రాలేదు. చక్రం తూకం తప్పితే ఎందుకు వణుకుతుందో, వేగం రెట్టింపైతే ఆ వణుకు పుట్టించే బలం నాలుగింతలు ఎందుకవుతుందో చెప్పేది గణితం. దానికి కాలం పడుతుంది. పానా చేతబట్టినంత మాత్రాన అది రాదు. నాయుడుగారు అసాధారణ ప్రజ్ఞావంతులు గనుక పుస్తకం లేకుండానే చాల దూరం నడిచారు. అందరికీ ఆ బాట చాలదు. అయితే వారు ఎత్తిచూపిన లోపం మాత్రం మన కళ్లయెదుటనే ఉన్నది. విద్యుదయస్కాంత ప్రేరణను గురించి నాలుగు పుటలు తప్పులేకుండా వ్రాసిన విద్యార్థి కార్బన్ బ్రష్షును కంట చూడకుండానే పట్టా పుచ్చుకొంటున్నాడు. అదే వీధిలో దానిని రోజుకు రెండుసార్లు మార్చే షాగిర్దుకు ఆ సూత్రం పేరు తెలియదు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేము గాని, ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టేవారు కావాలి.

కళాశాల పాలకవర్గం పెద్దలకు ఈ సందర్భమున మా విన్నపం ఒకటి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక మూలన బల్ల వేయించి, పాత సామాను దుకాణాలలో దొరికే పాడైన బ్లోయర్లు నాలుగైదు, ఒక బ్యాటరీ, కొన్ని పానాలు ఉంచితే దానికయ్యే వ్యయం స్వల్పం. నెలకొకనాడు పట్టణంలోని ఒక ఉస్తాదును గౌరవంగా పిలిచి, ఆయన పనిచేస్తుండగా మన అధ్యాపకులు సూత్రం వివరించవచ్చును. ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా బేరింగు కూత అందరికీ ఒక్కటే భాష.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నాయుడుగారి జీవితం సుఖాంతంగా సాగలేదు. 1952లో ఇద్దరు కూర్చుండగల పెట్రోలు కారును 2,000 రూపాయలకే సామాన్యునికి అందించవచ్చునని చేసి చూపారు. ఉత్పత్తికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వనందున ఆ ప్రయత్నం అక్కడనే ఆగిపోయింది. అట్టి కారు విరివిగా తయారై ఉంటే ఎట్లు ఉండెడిదో ఊహించడం మా పని కాదు. కాని పరాయి ప్రభుత్వం కాదన్నది రెండేండ్ల చదువును, మన ప్రభుత్వం కాదన్నది రెండువేల రూపాయల కారును. ఈ రెండవ దెబ్బ మొదటిదానికంటె లోతుగా తగిలి ఉంటుందని మేము తలుస్తున్నాము. 1936లోనే రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయినవారు గనుక అధికారంలో కూర్చుండి మార్చే అవకాశమూ వారికి దక్కలేదు.

అయినా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ప్రత్తి, బొప్పాయి మొక్కలపై ప్రయోగాలు చేశారు. 1967లో ఒక ఇంటికి ఉదయం 11 గంటలకు పునాది తీయించి సాయంత్రం 5 గంటలకు పూర్తి చేయించారు. అప్పటికి వారి వయస్సు 74 ఏండ్లు. 1974 జనవరి 4న కోయంబత్తూరులో పరమపదించారు. వారి పేరిట గల ధర్మసంస్థ ప్రదర్శనశాలలో ఆనాటి యంత్రాలను, రేడియోలను, క్షౌరయంత్రాలను నేటికీ చూడవచ్చును. 2015లో పాత కార్లకై ప్రత్యేకంగా మరొక ప్రదర్శనశాల తెరిచారు. ఆ సంస్థవారే నడిపే శిక్షణాలయంలో యువకులు లేతు ముందు, బెంచి ముందు నిలబడి పని నేర్చుకొంటున్నారు.